మంత్రం ఎవరి మీద, మంట ఎంతవరకు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట) ఆడే పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నలన్నీ ముందేసుకుని కూర్చుంటే దాదాపు అన్నీ స్పెల్స్ (ఆటలోని మంత్రాలు) దగ్గరే తేలాయి. ఎవరికి తగులుతుంది, ఎంత మేర వ్యాపిస్తుంది, మధ్యలో గోడ అడ్డొస్తే ఏమవుతుంది. 2014లో ఐదో ఎడిషన్ వచ్చినప్పటి నుంచి నేను వారం వారం డి.ఎం.గా, అంటే కథ చెప్పి తీర్పులిచ్చే డంజన్ మాస్టర్‌గా, ఆట నడుపుతున్నాను. మా టేబుల్ మీద పాచికల పక్కన ఎప్పుడూ ఒక దారం ముక్క ఉంటుంది. దానికి అంగుళానికో ముడి. మా గ్రిడ్‌లో ఒక్కో గడి అంగుళం, అంటే ఆటలో ఐదు అడుగులు. నాలుగో ముడికి ఎర్ర రంగు పూశాను, అది ఫైర్‌బాల్ (మంటల బంతిలా పేలే మంత్రం) ముడి. కింది జవాబుల్లో సగం ఆ దారంతో కొలిచి చూసుకున్నవే.

ప్రశ్న: మా పార్టీ (ఆటలోని మా పాత్రల జట్టు) ఒక సొరంగంలో వెళ్తోంది. ముందు ఎడమ వైపు మలుపు. అవతల గాబ్లిన్లు ఉన్నట్టు మాటలు వినబడ్డాయి కానీ ఎవరూ కనబడలేదు. మలుపు దగ్గర ఫైర్‌బాల్ వేస్తానన్నాను. "కనబడని వాళ్లను టార్గెట్ చెయ్యడం కుదరదు" అని డి.ఎం. ఆపేశారు. ఆయన చెప్పింది సరైనదేనా?

జవాబు: కాదండీ. ఆయన చెప్పిన మాట మ్యాజిక్ మిసైల్ అనే మంత్రానికి వర్తిస్తుంది, ఫైర్‌బాల్‌కి వర్తించదు. మ్యాజిక్ మిసైల్ వర్ణనలో మీకు కనబడే ప్రాణిని ఎంచుకోమని స్పష్టంగా ఉంది. ఫైర్‌బాల్ మిమ్మల్ని ప్రాణిని ఎంచుకోమని అడగదు. 150 అడుగుల లోపల ఒక చోటు చూపించమంటుంది, అంతే. ఆ చోటు చుట్టూ 20 అడుగుల వ్యాసార్ధంలో ఎవరుంటే వాళ్లు సేవ్ (దెబ్బ తగ్గించుకునేందుకు వేసే పాచిక) వెయ్యాల్సిందే, వాళ్లు మీకు కనబడినా కనబడకపోయినా. ఏ స్పెల్ చదివినా నేను ముందుగా వెతికేది ఈ ఒక్క సంగతే. ఇది నన్ను ప్రాణిని అడుగుతోందా, చోటుని అడుగుతోందా? టేబుల్ మీద వచ్చే పేచీల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

ఇక గాబ్లిన్లు కాలారా లేదా అన్నది మీరు ఏ పుస్తకంతో (2014 నాటి నియమాల పుస్తకమా, 2024 నాటి కొత్తదా) ఆడుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది. మామూలు నియమం ఇది: స్పెల్ ప్రభావం పుట్టిన చోటు నుంచి అన్ని వైపులకీ తిన్నటి గీతల్లో వెళ్తుంది. మధ్యలో పూర్తిగా కప్పేసే అడ్డు ఉంటే ఆ వెనక భాగం ఏరియాలోకి రాదు. అయితే 2014 పుస్తకంలో ఫైర్‌బాల్ వర్ణనలో మంట మూలలు తిరిగి కూడా పాకుతుందని ఒక వాక్యం ఉంది. 2024 పుస్తకంలో ఆ వాక్యం తీసేశారు. చిన్న వాక్యమే కానీ మీ మలుపు దగ్గర అదే తీర్పు. పాత పుస్తకం అయితే గోడకి అతుక్కుని నిలబడిన గాబ్లిన్ కూడా కాలుతుంది. కొత్త పుస్తకం అయితే మంట పుట్టిన చోటు నుంచి వాడి దాకా తిన్నటి గీత పడాలి.

కొత్త పుస్తకంతో ఆడినా మీకు దారి ఉంది. ఫైర్‌బాల్‌ని మలుపుకి ఇవతల కాకుండా, సొరంగం తిరిగే చోట సరిగ్గా ఎదురుగోడ దగ్గర పెట్టండి. ఆ చోటు మీకు కనబడుతుంది. అక్కడి నుంచి చూస్తే ఎడమ వైపు సొరంగం కూడా బారుగా కనబడుతుంది. అంటే గీతలు అటూ వెళ్తాయి, ఇటూ వస్తాయి. ఇటు వచ్చే మంటకి మీ వాళ్లు దూరంగా ఉన్నారో లేదో మాత్రం చూసుకోండి.

మూల తిరిగిన మంటని ఎలా కొలవాలో 2014 పుస్తకం చెప్పదు. నేనైతే దారం ఒక కొస మంట పుట్టిన చోట పెట్టి, మూల మీదుగా వంచి అవతలికి లాగుతాను. ఎర్ర ముడి అందిన చోటి వరకే కాలినట్టు లెక్క. ఇది నా టేబుల్ పద్ధతి. మీ డి.ఎం. మరోలా కొలిస్తే అది తప్పేమీ కాదు, ముందే చెబితే చాలు.

ముందే చెప్పడం అని ఊరికే అనడం లేదు. ఒకసారి మా ఆటలో పార్టీ చీకటి హాల్లోకి అడుగు పెట్టింది. ఎదర ఏముందో ఎవరికీ కనబడదు. విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) ఆడే కుర్రాడు "వంద అడుగుల దూరంలో ఫైర్‌బాల్" అన్నాడు. నా మ్యాప్‌లో పదిహేను అడుగుల దూరంలోనే రాతి గోడ ఉంది. కనబడని చోటుని ఎంచుకున్నప్పుడు మధ్యలో గోడ ఉంటే ప్రభావం గోడకి ఇవతలే పుడుతుంది. నియమం అది. నేను అలాగే గోడకి ఇవతల పేల్చాను. ఎనిమిది ఆరుముఖాల పాచికలు పడ్డాయి. ఆ దెబ్బకి క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) నేల మీద పడిపోయింది, విజార్డ్‌కి కూడా దాదాపు అంత పని అయింది. ఆ అబ్బాయి ముఖం వాడిపోయింది. "గోడ ఉంటే ఇలా అవుతుందని నాకు తెలిస్తే వేసేవాడిని కాదు కదా అన్నా" అన్నాడు. అతనిది న్యాయమే. అతని విజార్డ్ ఏళ్ల తరబడి ఆ విద్య నేర్చుకున్నవాడు, చీకట్లోకి మంట విసిరితే ఏం జరగొచ్చో ఆ పాత్రకి తెలిసి ఉంటుంది. ఆ సంగతి నేను ఆటగాడికి పాచికలు వెయ్యకముందు చెప్పాల్సింది. తీర్పు సరైనదే, చెప్పిన సమయం తప్పు. అప్పటి నుంచి ఎవరైనా కనబడని చోట స్పెల్ వేస్తామంటే "మధ్యలో అడ్డు ఉంటే ఇవతలే పేలుతుంది, వేస్తారా?" అని అడిగాకే ముందుకు వెళ్తున్నాను.

ప్రశ్న: చిన్న గదిలో ఫైర్‌బాల్ వేస్తే చోటు చాలక మంట వెనక్కి తన్ని వేసినవాడినే కాలుస్తుందని మా మేనమామ అంటారు. పుస్తకంలో ఎంత వెతికినా దొరకలేదు.

జవాబు: మీ మేనమామగారు పాత ఆట ఆడి ఉంటారు. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ నియమం ఉండేది. ఫైర్‌బాల్ మొత్తం పరిమాణం సుమారు 33,000 ఘనపు అడుగులు, అది ఉన్న చోటుని బట్టి ఆకారం మార్చుకుని అంతా నింపుతుంది. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న సొరంగంలో వేస్తే లెక్క చూడండి: ఒక్క అడుగు పొడవుకి వంద ఘనపు అడుగులు, అంటే మంట 330 అడుగుల పొడవున పరుచుకుంటుంది. వేసినవాడు 150 అడుగుల దూరంలో నిలబడినా తప్పించుకోలేడు. ఆ రోజుల్లో విజార్డ్ ఆడేవాళ్లు గది కొలతలు అడగకుండా నోరు తెరిచేవాళ్లు కాదంటే అర్థం ఉంది.

ఐదో ఎడిషన్‌లో అది లేదు. గోడ తగిలితే మంట అక్కడ ఆగుతుంది, వెనక్కి తన్నదు. ఈ స్పెల్ మొదట్నుంచీ ఇలా కొలతలతో ముడిపడి ఉండటానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. 1974లో ఈ ఆట రాకముందు, 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే యుద్ధ బొమ్మల ఆటలో విజార్డ్ వేసే ఫైర్‌బాల్‌కి పెద్ద రాళ్లు విసిరే యంత్రం దెబ్బకి ఉన్న విస్తీర్ణమే ఇచ్చారు. అంటే అది పుట్టడమే ఫిరంగి గుండులా పుట్టింది. మనిషిని చూసి కొట్టేది కాదు, చోటు చూసి పేల్చేది.

ప్రశ్న: శత్రువు మూసిన గాజు కిటికీ అవతల నిలబడ్డాడు. స్పష్టంగా కనబడుతున్నాడు. హోల్డ్ పర్సన్ (మనిషిని కదలకుండా బిగించే మంత్రం) వెయ్యొచ్చా? మా టేబుల్‌లో ఇద్దరు వెయ్యొచ్చని, ఇద్దరు కుదరదని పట్టుబట్టారు. సగం సెషన్ దీనికే పోయింది.

జవాబు: నా తీర్పు, కుదరదు. కానీ మీ నలుగురిలో ఎవరూ తొండి మాట్లాడలేదు. గొడవ పుస్తకం వాడిన మాటలోనే ఉంది.

స్పెల్ వెయ్యాలంటే టార్గెట్ దాకా అడ్డు లేని దారి ఉండాలి. టార్గెట్ టోటల్ కవర్ వెనక ఉండకూడదు. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. మరి టోటల్ కవర్ అంటే ఏమిటి? 2014 పుస్తకం ఒక అడ్డు వల్ల పూర్తిగా మరుగైతే టోటల్ కవర్ అంటుంది. మరుగు అన్న మాట రాగానే, గాజు వెనక ఉన్నవాడు కనబడుతూనే ఉన్నాడు కదా, మరుగు ఎక్కడిది అని అడగొచ్చు. అడగడం సహజం. 2024 పుస్తకంలో ఆ మాట మార్చారు. టార్గెట్ మొత్తాన్ని కప్పే వస్తువు ఉంటే చాలు అన్నారు. గాజు కప్పుతుంది, కనబడనిస్తుంది, కానీ కప్పుతుంది. కాబట్టి కొత్త పుస్తకంలో సందేహానికి చోటు లేదు. పాత పుస్తకంలో కూడా నేను అలాగే చదువుతాను, ఎందుకంటే నియమం అడుగుతున్నది దారి, చూపు కాదు. చూపు కావాలంటే స్పెల్ వర్ణనలో విడిగా రాస్తారు. హోల్డ్ పర్సన్‌కి రెండూ కావాలి: మనిషి కనబడాలి, దారీ ఉండాలి. మీకు చూపు ఉంది, దారి లేదు.

గాజు పగలగొట్టండి. ఫైర్ బోల్ట్ (నిప్పు విసిరే మంత్రం) వస్తువు మీద కూడా పనిచేస్తుంది, లేదా పక్కనున్న ఫైటర్‌తో (యోధుడి పాత్ర) ఒక దెబ్బ వేయించండి. కిటికీ పగిలాక మీ వంతు రాగానే హోల్డ్ పర్సన్ వెయ్యండి. నా టేబుల్‌లో ఇది ప్రతిసారీ మంచి సన్నివేశం అవుతుంది. గాజు పగిలిన చప్పుడుకి శత్రువు ఏం చేస్తాడన్న టెన్షన్ ఒకటి అదనంగా వస్తుంది.

మిస్టీ స్టెప్ (ఉన్న చోట మాయమై మరో చోట తేలే మంత్రం) మాత్రం గాజు అవతలికి పనిచేస్తుంది, ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. ఆ స్పెల్ టార్గెట్ మీరే. మీ దగ్గరికి మీకు దారి అక్కర్లేదు. 30 అడుగుల లోపల కనబడే ఖాళీ చోటు ఉంటే చాలు, అక్కడికి చేరతారు. అదే కిటికీ, అదే గాజు, ఒక స్పెల్‌ని ఆపింది, మరొకదాన్ని ఆపలేదు. నియమాల మధ్య పొత్తు లేదని అనుకోకండి. రెండు స్పెల్స్ రెండు వేరే ప్రశ్నలు అడిగాయి.

సేక్రెడ్ ఫ్లేమ్ (క్లెరిక్ వేసే మంత్రం) గురించి కూడా ఇదే ఉత్తరంలో అడిగారు. దాని సేవ్‌కి కవర్ వల్ల లాభం ఉండదని రాసి ఉంది కాబట్టి గోడ వెనకవాడినీ కొట్టొచ్చా అని. నేను ఒప్పుకోను. కొంత భాగం అడ్డు (కవర్) ఉన్నందుకు సేవ్‌కి కలిసే +2, +5 మాత్రమే పోతాయి. టార్గెట్ చెయ్యడానికి దారి కావాలన్న నియమం అలాగే ఉంటుంది. దీన్ని మరోలా చదివే మంచి డి.ఎం.లు నాకు తెలుసు, వాళ్ల టేబుల్‌లో నేను క్లెరిక్‌గా కూర్చుంటే వాళ్ల మాటే వింటాను.

ప్రశ్న: మొలలోతు గోడ వెనక ఆర్చర్లు దాక్కున్నారు. వాళ్ల మీద ఫైర్‌బాల్ వేస్తే డెక్స్ సేవ్‌కి (చురుకుగా తప్పుకునేందుకు వేసే పాచికకి) +2 ఇవ్వాలా?

జవాబు: మంట ఎక్కడ పుట్టిందో చూడండి. మీరు ఎక్కడ నిలబడ్డారన్నది లెక్కలోకి రాదు. గోడకి మీ వైపు పేలితే ఆర్చర్లకీ మంటకీ మధ్య గోడ ఉంది, సగం కవర్, +2 ఇవ్వాలి. గోడ మీదుగా విసిరి వాళ్ల వెనక పేలిస్తే మధ్యలో ఏమీ లేదు, +2 లేదు. ఫైర్‌బాల్ వేసే ఆటగాళ్లు ఎప్పుడూ శత్రువుల గుంపు నడిమధ్యన పెడతారు. గోడ ఉన్నప్పుడు రెండు గడులు వెనక్కి జరిపి చూడండి. మెరుగైన విజార్డ్‌కీ మామూలు విజార్డ్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే మంత్రం) నా మీద నేనే వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు. మీకు నచ్చిన ప్రాణి అని ఉంటే అందులో మీరూ ఉన్నట్టే. శత్రువే అయి ఉండాలనో, మీరు కాక మరొకరనో విడిగా రాసి ఉంటేనే కుదరదు.

ప్రశ్న: మా ఫైటర్ నేల మీద ఉన్నాడు. సరిగ్గా అతని తల మీద 20 అడుగుల ఎత్తులో వైవర్న్ (తోకతో కుట్టే రెక్కల డ్రాగన్) ఎగురుతోంది. ఫైర్‌బాల్ వేస్తే ఫైటర్ కూడా కాలతాడని ఊరుకున్నాను. తర్వాత అతను వైవర్న్ కుట్టి పడిపోయాడు. వేరే దారి ఉండేదా?

జవాబు: ఉండేది. మీరు ఊరుకోవడానికి కారణం మ్యాప్. మ్యాప్ పరచగానే ఫైర్‌బాల్ మన కంటికి గుండ్రటి పళ్లెంలా కనబడుతుంది. అది పళ్లెం కాదు, బంతి. పైకీ 20 అడుగులు, కిందికీ 20 అడుగులు.

మీరు పైన ఆకాశం ఉన్న చోట ఉన్నారనుకుంటున్నాను. ఫైర్‌బాల్‌ని వైవర్న్ ఉన్న ఎత్తులో పెట్టకండి. దానికి ఇంకా పది అడుగులు పైన, నేల నుంచి 30 అడుగుల ఎత్తులో పెట్టండి. బంతి అడుగు భాగం నేలకి పది అడుగుల ఎత్తున ఆగిపోతుంది. ఫైటర్ ఆరడుగుల వాడైనా తల మీద నాలుగు అడుగుల ఖాళీ. వైవర్న్ మంట పుట్టిన చోటుకి పది అడుగుల దూరంలోనే ఉంది కాబట్టి అది పూర్తిగా లోపలే.

పైకప్పు తక్కువగా ఉన్న గుహ అయితే అంత ఎత్తు దొరకదు. అప్పుడు పక్కకి జరపాలి. దీనికి బళ్లో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం పనికొస్తుంది. బంతి వ్యాసార్ధం 20 కాబట్టి, తల కంటే 16 అడుగుల ఎత్తులో పేలిస్తే తల ఎత్తున మంట వృత్తం 12 అడుగులే. 12 అడుగుల ఎత్తులో పేలిస్తే 16. ఈ రెండు జతలు గుర్తుంటే టేబుల్ దగ్గర కాలిక్యులేటర్ తియ్యాల్సిన పని లేదు. నేను ఈ రెంటినీ డి.ఎం. తెర లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకున్నాను.

మీది ఎవోకేషన్ (మంట, పేలుడు లాంటి మంత్రాల శాఖ) విజార్డ్ అయి ఉంటే ఇంకా తేలిక. స్కల్ప్ట్ స్పెల్స్ అనే శక్తి 2014 పుస్తకంలో రెండో లెవెల్‌కే వస్తుంది, 2024లో ఆరో లెవెల్‌కి జరిపారు. మామూలు ఫైర్‌బాల్ మూడో లెవెల్ స్పెల్ కాబట్టి ఒకటికి మూడు కలిపి నలుగురిని మంటలో ఉన్నా కాలకుండా కాపాడొచ్చు. వాళ్లు మీకు కనబడుతూ ఉండాలి, మరిచిపోకండి.

ప్రశ్న: బర్నింగ్ హ్యాండ్స్ (చేతుల నుంచి మంట చిమ్మే మంత్రం) కోన్‌ని గ్రిడ్ మీద ఎలా పెట్టాలో మాకు ఇప్పటికీ తెగలేదు. ఎన్ని గడులు?

జవాబు: కోన్ నియమం ఒక్క ముక్కలో ఉంది: ఎంత దూరం వెళ్తే అంత వెడల్పు. బర్నింగ్ హ్యాండ్స్ 15 అడుగుల కోన్. ఐదు అడుగుల దగ్గర ఐదు అడుగుల వెడల్పు, పది దగ్గర పది, కొసన పదిహేను. తిన్నగా ఎదరకి వేస్తే వరసకి ఒకటి, రెండు, మూడు, మొత్తం ఆరు గడులు. రెండో వరసలో గడి ఎటు కలపాలన్నది వేసే ఆటగాడినే చెప్పమంటాను, స్పెల్ అతనిది కాబట్టి. వేసినవాడి గడి లెక్కలోకి రాదు, కోన్ పుట్టే చోటు అతను కావాలంటే తప్ప అందులో ఉండదు.

ఐమూలగా వేసేటప్పుడే చిక్కు. గుండ్రటి ఏరియాలకి డి.ఎం. పుస్తకం ఒక దారి చూపింది, గడిలో కనీసం సగం కప్పితే ఆ గడి లోపల ఉన్నట్టు. గడులు కలిసే మూల మీద పెట్టి ఇలా లెక్కేస్తే ఫైర్‌బాల్‌కి 52 గడులు వస్తాయి, నేను లెక్కపెట్టి చూశాను. కోన్‌కి అలాంటి మాట రాయలేదు. 2017లో వచ్చిన అదనపు నియమాల పుస్తకంలో గ్రిడ్ కోసం రెండు పద్ధతులు ఇచ్చారు. ఒకటి ఏరియా ఆకారంలో కత్తిరించిన ముక్క పరచడం, రెండోది గడి గడికీ టోకెన్ పెట్టడం. నాకు మొదటిదే నచ్చింది, చూస్తే చాలు అందరికీ అర్థమవుతుంది, వాదన రాదు.

గ్రిడ్ లేకుండా నోటిమాటతో ఆడేవాళ్లకి డి.ఎం. పుస్తకంలో ఒక పట్టిక ఉంది. కోన్ పొడవుని పదితో, బంతి వ్యాసార్ధాన్ని ఐదుతో భాగించి పైకి సర్దితే ఎంతమందికి తగిలిందో వస్తుంది. బర్నింగ్ హ్యాండ్స్‌కి ఇద్దరు, ఫైర్‌బాల్‌కి నలుగురు. శత్రువులు కిక్కిరిసి ఉంటే నేను ఒకరిద్దరిని కలుపుతాను.

ఇంట్లో పాత అట్టపెట్టె ఉంటే ఇలా చెయ్యండి. మూడు అంగుళాల అడ్డగీత గీసి, దాని మధ్యలోంచి మూడు అంగుళాల నిలువుగీత పైకి లాగండి. పై కొసని రెండు చివరలకీ కలిపి కత్తిరించండి. అదే బర్నింగ్ హ్యాండ్స్. కోన్ ఆఫ్ కోల్డ్ అనే చలి మంత్రానికి రెండు గీతలూ పన్నెండు అంగుళాలు, దానికి మందపాటి అట్ట తీసుకోండి, లేకపోతే కొస వంగిపోతుంది.